పర్యావరణ పరీక్ష – మన ఊరి పాఠము

కంది కోతలు ముగిసి కల్లాలు ఖాళీ అయ్యే వేళకు తాండూరు ప్రాంతంలో మరొక పంటకాలము మొదలవుతుంది. అది పదవ తరగతి పరీక్షల కాలము. సాయంకాలము కాగానే అరుగు అరుగు మీద ఒక పుస్తకము తెరుచుకుంటుంది. కరణ్‌కోట గ్రామంలో ఒకనాటి సంధ్యవేళ మేము చూచిన దృశ్యము ఇది. ఒక బాలుడు నాపరాతి అరుగు మీద కూర్చుండి, నాపరాతి గోడకు చేరగిలబడి, గైడు పుస్తకము చేతబట్టి, "సహజ వనరులు రెండు రకములు, సహజ వనరులు రెండు రకములు" అని కన్నులు మూసుకొని వల్లె వేస్తున్నాడు. ఆ బాలుని క్రింద ఉన్నది ఒక సహజ వనరు. అతని వెనుక ఉన్నది అదే సహజ వనరు. అతని తండ్రి తెల్లవారుజామున లేచి పనికి పోయేది ఆ వనరును భూమి నుండి వెలికి తీయడానికే. అయినా కన్నులు మూసుకొంటేనే గాని ఆ పాఠము అతనికి రావడము లేదు!

మేము జీవశాస్త్ర పండితులము కాము. విశ్వవిద్యాలయంలో తెలుగు ఎం.ఏ. చదివి, ఈ కళాశాలలో భాషా సాహిత్యాలు బోధించేవారము. మన కళాశాలలో చదివే కరణ్‌కోట విద్యార్థులు కొందరు తమ ఊరిలోని తమ్ములకు, చెల్లెండ్లకు సాయంకాలపు తరగతులు నడుపుతూ, "సార్, మీరు కూడా ఒకసారి వచ్చి చూడండి" అని కోరారు. ఆ కోరిక మీద గత రెండు సంవత్సరాలుగా పరీక్షల ముందు నెలలలో వీలు చేసుకొని వెళ్ళి వస్తున్నాము. అక్కడ తెలుగు మాధ్యమము వారు, ఉర్దూ మాధ్యమము వారు ఒకే జంపఖానా మీద కూర్చుంటారు. మేము నేర్పినది స్వల్పము, నేర్చుకొన్నది అధికము. ఆ అనుభవము వలన కలిగిన ఒక అభిప్రాయాన్ని విద్యార్థుల ఎదుట, కళాశాల కమిటీ పెద్దల ఎదుట ఉంచడానికే ఈ వ్యాసము.

మా అభిప్రాయము సాహిత్య విద్యార్థుల పరిభాషలో చెప్పాలంటే ఇది: పర్యావరణ పాఠానికి మన ఊరే మూలగ్రంథము, అచ్చుపుస్తకము దానికి వ్యాఖ్యానము. మూలాన్ని విడిచి వ్యాఖ్యానాన్ని మాత్రమే బట్టీపట్టే విద్యార్థికి పరీక్షలో మార్కులు తగ్గుతాయి. అంతకంటె పెద్ద నష్టము మరొకటి ఉన్నది. తాను బ్రతికే చోటును గురించి తనకు తెలిసిన సత్యాన్ని చెప్పే ధైర్యము ఆ విద్యార్థిలో సన్నగిల్లుతుంది.

తొలినాటి తరగతిలో ఒక పిల్లవానిని ఆహారపు గొలుసు చెప్పమని అడిగాము. "గడ్డి, మిడుత, కప్ప, పాము, గ్రద్ద" అని తడుముకోకుండా చెప్పాడు. సంతోషించాము. "మరి మీ ఇంటి వెనుక పాడుబడిన గనిగుంతలో నీళ్ళు నిలిచి ఉన్నాయి కదా, అందులోని ఆహారపు గొలుసు చెప్పు నాయనా" అన్నాము. బాలుడు బిత్తరపోయాడు. "అది బుక్కుల లేదు సార్" అన్నాడు. ఆ గుంతలో పచ్చని నాచు ఉన్నదని, నీటిపురుగులు ఉన్నాయని, వాన కురిస్తే కప్పలు అరుస్తాయని, చేపపిల్లల కోసము లకుముకిపిట్ట వచ్చి వాలుతుందని అతనికి మా కంటె బాగా తెలుసు. కాని ఆ తెలిసినదంతా చదువు కాదని అతనికి ఎవరో చెప్పకనే చెప్పారు. అట్లా చెప్పినవారిలో మేము, అనగా ఉపాధ్యాయ వర్గము, కూడా ఉన్నాము.

ఈ సందర్భంలో ఒక చరిత్ర చెప్పవలసి ఉన్నది. పాఠ్యపుస్తకంలో "పది శాతము నియమము" అని విద్యార్థులు చదువుతారు. ఒక పోషక స్థాయి నుండి పై స్థాయికి శక్తిలో సుమారు పదవ వంతు మాత్రమే చేరుతుందని, తక్కినది శ్వాసక్రియలోను, ఉష్ణరూపంలోను, తినబడక మిగిలిన భాగాలలోను పోతుందని దాని సారము. ఈ భావనకు పునాది వేసినవాడు రేమండ్ లిండెమన్ అనే అమెరికా యువకుడు. అతడు ఏ మహాసముద్రాన్నో గాలించలేదు. తాను పుట్టిన మిన్నెసోటా రాష్ట్రంలోనే సీడార్ బాగ్ అనే ఒక చిన్న బురదమడుగును ఎంచుకొని, సుమారు ఐదేండ్లపాటు దానిలోని నాచును, పురుగులను, అడుగు బురదను లెక్కించాడు. అతడు వ్రాసిన వ్యాసాన్ని పరిశీలించిన విద్వాంసులు మొదట తిరస్కరించారు. ఆధారము స్వల్పము, సిద్ధాంతము అధికము అన్నారు. తుదకు 1942 అక్టోబరులో అది అచ్చయ్యే నాటికి లిండెమన్ జీవించి లేడు. అదే సంవత్సరము జూన్ నెలలో, ఇరువదియేడేండ్లు నిండకముందే వ్యాధితో కన్నుమూశాడు.

నేడు కరణ్‌కోట బాలుడు వల్లె వేసే నియమము అటువంటి బురదమడుగులో పుట్టినది. కరణ్‌కోటలోని గనిగుంత దానికి ఏ విధంగాను తీసిపోదు. అయితే ఇక్కడ ఒక హెచ్చరిక చేయడము మా ధర్మము. ఈ గుంతల అంచులు నిట్టనిలువుగా ఉంటాయి, లోతు తెలియదు. పెద్దల తోడు లేనిదే పిల్లలెవరూ వాటి దరికి పోరాదు. ఎడంగా గట్టు మీద నిలిచి చూడాలే గాని దిగరాదు.

గనిగుంత వద్దనుకొంటే కందిచేను ఉన్నది. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ కందిని తినని ఇల్లు మన ప్రాంతంలో లేదు. కందిచెట్టులో నిలిచిన శక్తి 10,000 పాళ్ళు అనుకొందాము. కాయతొలుచు పురుగుకు చేరేది సుమారు 1,000. ఆ పురుగును ఏరుకొని తినే పాలపిట్టకు చేరేది 100. ఆ పిట్టను తన్నుకుపోయే డేగకు చేరేది 10. అందువల్లనే చేనులో కందిచెట్లు లెక్కకు మిక్కుటము, పాలపిట్టలు నాలుగైదు, డేగ ఒక్కటి. ఈ లెక్క అర్థమైన విద్యార్థికి పిరమిడ్ బొమ్మను బట్టీపట్టవలసిన అవసరము ఉండదు. చేనును తలచుకొంటే బొమ్మ దానంతట అదే వస్తుంది.

అదే చేనులో పురుగుమందు చల్లితే మరొక పాఠము కనిపిస్తుంది. శక్తి మెట్టు మెట్టుకు తగ్గుతూ పోతుండగా, విచ్ఛిన్నము కాని విషము మెట్టు మెట్టుకు చిక్కబడుతూ పోతుంది. దీనినే పుస్తకము జైవిక వృద్ధీకరణము అంటుంది. డి.డి.టి. వంటి మందుల వల్ల పక్షులు నశిస్తున్నాయని 1962లో రేచల్ కార్సన్ అనే రచయిత్రి "సైలెంట్ స్ప్రింగ్" అనే గ్రంథము వ్రాసి లోకాన్ని మేల్కొలిపింది. మన రైతులలో కొందరు కందిచేనులో పక్షులు వాలడానికి పంగల కర్రలు పాతుతారు. వారిలో ఎందరు బడికి పోయారో మేము ఎరుగము. కాని ఆహారపు గొలుసు వారికి తెలుసు. అదే విధంగా కందివేరును మట్టితో సహా పెకలించి చూస్తే చిన్న చిన్న బుడిపెలు కనిపిస్తాయి. గాలిలోని నత్రజనిని నేలకు అందించే రైజోబియమ్ అనే సూక్ష్మజీవుల ఇండ్లు అవి. నత్రజని వలయము అనే పాఠాన్ని ఇంతకంటె సులభంగా ఏ గైడూ చెప్పలేదు.

ఇక రెండవ సంగతి భాషకు సంబంధించినది. ఇది మా వృత్తికి దగ్గరిది కనుక కొంచెము విపులంగా చెబుతాము. ఉర్దూ మాధ్యమపు పిల్లలు "గిజాయీ జంజీర్" అంటారు. తెలుగు మాధ్యమపు పిల్లలు "ఆహారపు గొలుసు" అంటారు. ఇంగ్లీషు మాధ్యమపు పిల్లలు "ఫుడ్ చెయిన్" అంటారు. మొదటి రోజు ఈ మూడూ మూడు వేర్వేరు పాఠాలని వారు అనుకొన్నారు. జంజీర్ అన్నా గొలుసే, చెయిన్ అన్నా గొలుసే అని చెప్పగానే ఒకరి ముఖము ఒకరు చూచుకొని నవ్వుకొన్నారు. ఆ నవ్వుతో సగము పాఠము పూర్తయినది.

శాస్త్రాన్ని ఇంటి భాషలో చెప్పుకోవడము మన నేలకు కొత్త కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో ఉర్దూ మాధ్యమంతో ప్రారంభమైనది. దాని కొరకు 1917లోనే దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ వెలసి, వేలాది శాస్త్ర పదాలను ఉర్దూలో కూర్చినది. తెలుగులో ఉన్నత విద్యకు పుస్తకాలు సిద్ధము చేయడానికి 1968లో తెలుగు అకాడమి ఏర్పడినది. 1956 వరకు తాండూరు తాలూకా గుల్బర్గా జిల్లాలో ఉండేది గనుక కన్నడము కూడా మన చెవికి పరాయిది కాదు. ఇన్ని భాషల నడుమ పెరిగిన పిల్లలు పారిభాషిక పదాన్ని చూచి బెదరవలసిన పని ఏమున్నది? "విచ్ఛిన్నకారులు" అనే పదము కఠినమే. కాని "మీ పెరటిలోని పెంటకుప్ప ఏడాది తిరిగేసరికి ఎరువుగా ఎట్లా మారింది? ఎవరు మార్చారు?" అని అడిగితే వానపాము నుండి బూజు వరకు అందరి పేర్లూ పిల్లలే చెబుతారు. ముందు విషయము ఇంటి మాటలో తెలియాలి, ఆ తరువాత పుస్తకపు మాట రావాలి. ఈ వరుస తిరగబడితే పదము నోటిలో ఉంటుంది, అర్థము ఎక్కడా ఉండదు.

ఇప్పుడు ఈ వ్యాసము వ్రాయడానికి మమ్మల్ని పురికొల్పిన సంఘటనకు వస్తాము. ఒకనాడు తరగతి ముగిసిన పిమ్మట ఉర్దూ మాధ్యమపు బాలిక ఒకతె మా వద్దకు వచ్చి నిలబడినది.

"సార్, కాలుష్యం ఎట్ల ఆపాలె అని క్వశ్చన్ వస్తది. గనులు బంద్ చేయాలె, ఫ్యాక్టరీలు బంద్ చేయాలె అని గైడుల ఉన్నది. అట్లనే రాస్తె మార్కులొస్తయి. మా అబ్బా గనిల పనికే పోతరు సార్. నేనేం రాయాలె?"

ఆ సాయంకాలము మేము జవాబు చెప్పలేకపోయాము. "ఆదివారము చూద్దాము బేటీ" అని తప్పించుకొన్నాము. తిరుగుదారిలో ఆ ప్రశ్న మమ్మల్ని వదలలేదు. నాపరాయి తీయడము, కోయడము, నునుపు చేయడము, లారీలకు ఎత్తడము ఈ ప్రాంతంలో వేల కుటుంబాలకు కూడు పెడుతున్న పనులు. కరణ్‌కోటలో 1980 దశకంలో భారత సిమెంట్ కార్పొరేషన్ వారి కర్మాగారము వచ్చినది. తాండూరు బండలు పరచిన నడవాలు మన రాష్ట్రము దాటి ఎన్నో పట్టణాలలో ఉన్నాయి. తండ్రి తెచ్చిన కూలి డబ్బుతో కొన్న కలముతో ఆ తండ్రి పని మూసివేయాలని వ్రాయమంటే ఆ బాలిక చేయి ఎట్లా ఆడుతుంది? అట్లాగని దుమ్ము లేదని, నీరు చెడలేదని వ్రాస్తే అది సత్యమవుతుందా? ఒక పక్క తండ్రి, మరొక పక్క మార్కులు. ఈ రెంటి నడుమ సత్యానికి చోటు లేని విధంగా మనము పాఠము చెబుతున్నాము.

ఆ ఆదివారము తల్లిదండ్రుల అనుమతి తీసికొని, మన జీవశాస్త్ర శాఖలోని మిత్రులొకరిని వెంటబెట్టుకొని, పిల్లలతో ఊరు చుట్టివచ్చాము. మొదట దుమ్ము. లారీలు తిరిగే దారి ప్రక్క ఇంటి జామచెట్టు ఆకులు కొన్ని, ఊరి లోపలి పెరటి జామచెట్టు ఆకులు కొన్ని కోయించాము. తడిగుడ్డతో తుడిచి చూద్దామని మేము తెల్లని చేతిరుమాలు తీశాము. "ఆ దుమ్ము తెల్లగుంటది సార్, నల్లగుడ్డ కావాలె" అని చెప్పినది ఆ బాలికయే. ఎం.ఏ. చదివిన మాకు తోచనిది, తండ్రి బట్టలు రోజూ ఉతికే పిల్లకు తోచినది! నల్లగుడ్డ మీద దారి ప్రక్క ఆకు తెల్లని చారికను వదిలినది. పెరటి ఆకు దాదాపు ఏమీ వదలలేదు. ఆకు మీది దుమ్ము వెలుతురును అడ్డుకొంటుందని, పత్రరంధ్రాలను పూడుస్తుందని, అందువల్ల కిరణజన్య సంయోగక్రియ మందగిస్తుందని మిత్రులు వివరించారు. ఇదే పాఠము పుస్తకంలో రెండు పంక్తులలో ఉన్నది. ఆ రెండు పంక్తులు పిల్లలు ఇక మరువరు.

తరువాత నీరు. బండలు నునుపు చేసే చోట కాలువలోకి పారే తెల్లని రాతిబురదను ఒక గాజుసీసాలో పట్టి తెచ్చాము. మరునాటి ఉదయానికి సీసాలో పైన తేట నీరు, అడుగున తెల్లని మేట ఏర్పడినవి. "కాలువల వదలకుండ తొట్టిల ఆపితే పైనీళ్ళు మళ్ళ వాడుకోవచ్చు గద సార్" అని ఒక పిల్లవాడు అన్నాడు. ఇంజనీర్లు చెప్పే తేర్పుడు తొట్టి అదే. అడుగు మేటను ఎండబెట్టి దాని మీద నిమ్మరసము పిండితే బుసబుస పొంగినది. ఆ పొంగు బొగ్గుపులుసు వాయువు. సున్నపురాయిలో బంధింపబడి ఉన్న ఆ వాయువే సిమెంటు బట్టీలో కాల్చినప్పుడు కూడా వెలువడుతుంది. శుద్ధమైన సున్నపురాయి 100 కిలోలు కాలిస్తే 56 కిలోల సున్నము మిగిలి, 44 కిలోల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. దీనికి కాల్చే బొగ్గు వలన వచ్చేది అదనము. ప్రపంచంలో మానవుని వలన వెలువడే ఈ వాయువులో సుమారు 7 శాతము సిమెంటు తయారీ నుండే వస్తున్నది. భూగోళము వేడెక్కడము అనే పెద్దమాటకు, మన గోడకు పూసిన సిమెంటుకు గల సంబంధము ఒక నిమ్మకాయతో తెలిసినది. సిమెంటు లేనిదే బడి కట్టలేము, ఆనకట్ట కట్టలేము. కనుక ప్రశ్న సిమెంటు వద్దా అని కాదు, ఎంత, ఎట్లా, ఏ జాగ్రత్తతో అన్నదే.

వారము తరువాత ఆ బాలిక తన జవాబు వ్రాసి తెచ్చినది. గనులు మూయమని ఆమె వ్రాయలేదు. దుమ్ము లేదని కూడా వ్రాయలేదు. దుమ్ము ఆకుకు, ఊపిరితిత్తులకు ఏ విధంగా హాని చేస్తుందో వ్రాసి, నివారణోపాయాలు వరుసగా పేర్కొన్నది. దారి మీద నీళ్ళు చల్లాలి. లారీల మీద పట్టా కప్పాలి. రాతిని తడిపి కోయాలి. రాతిబురదను తొట్టిలో ఆపాలి. దారి వెంట దట్టంగా చెట్లు పెంచాలి. పనిచేసేవారికి ముక్కుకు తొడుగు ఇవ్వాలి, ఏటేటా ఛాతీ పరీక్ష చేయించాలి. పాడుబడిన గుంతలకు కంచె వేసి, వాననీరు నిలిపి చెరువులుగా వాడుకోవాలి. బొమ్మ కూడా గీసినది. మిత్రులు చదివి, ఇటువంటి జవాబుకు మార్కులు తగ్గించే పరీక్షకుడు ఉండడన్నారు. ఆ కాగితాన్ని ఆమె తన అబ్బాకు చదివి వినిపించినదని ఆ తరువాత తెలిసినది. ఉర్దూ చదవడము రాని ఆయన ముక్కు తొడుగు మాట మళ్ళీ చదివించుకొన్నారట. గైడులోని జవాబును ఆమె ఇంటిలో చదివి వినిపించగలిగేదా?

మన జిల్లా విద్యార్థులకు మరొక భాగ్యము కూడా ఉన్నది. 2014లో వచ్చిన పదవ తరగతి జీవశాస్త్ర పుస్తకంలో కొల్లేరు సరస్సు కథతోపాటు ఎదులాబాదు జలాశయము కథ కూడా ఉన్నది. మూసీ నీటితో వచ్చిన భార లోహాలు అక్కడి చేపల దేహాలలో చేరిన వృత్తాంతము అది. మన పిల్లలు దానిని ఎక్కడిదో దూరదేశపు కథవలె చదువుతారు. కాని మూసీ పుట్టినది ఎక్కడ? మన వికారాబాదు చెంతనున్న అనంతగిరి కొండలలోనే. అక్కడ తేటగా బయలుదేరిన నీరు మహానగరము దాటేసరికి పుస్తకంలో కాలుష్యానికి ఉదాహరణగా మారినది. 1908 సెప్టెంబరులో వరదై నగరాన్ని ముంచినదీ ఆ మూసీయే. ఆ తరువాత 1920లో ఉస్మాన్ సాగర్ నిండి నగరపు దాహము తీర్చినదీ దాని నీటితోనే. అదే అనంతగిరి కొండలలో మన కాగ్నా కూడా పుట్టి, పడమటికి పారి, తాండూరును తాకి భీమా నదిలో కలుస్తుంది. భీమా కృష్ణలో కలుస్తుంది, మూసీ కూడా కృష్ణలోనే కలుస్తుంది. ఒకే కొండ మీద పుట్టి చెరొక దిక్కుకు పోయిన అక్కచెల్లెండ్లు తుదకు ఒకే ఇల్లు చేరినట్లు. కనుక మూసీకి జరిగినది కాగ్నాకు జరగకుండా చూచుకోవలసిన బాధ్యత, తాండూరు వంతెన మీద నిలిచి నీటి రంగు చూడగల ప్రతి విద్యార్థి మీద ఉన్నది.

"ఇవన్నీ బాగానే ఉన్నాయి, పరీక్ష దగ్గర పడిన వేళ ఊరు తిరిగితే మార్కులు వస్తాయా?" అని తల్లిదండ్రులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. పైన చెప్పిన పాఠ్యపుస్తకమే విద్యా ప్రమాణాల పేరుతో విషయావగాహనతోపాటు ప్రశ్నించడము, ప్రయోగము, క్షేత్ర పరిశీలన, సమాచార సేకరణ, బొమ్మ గీయడము, నిజజీవితానికి అన్వయించడము మొదలైన వాటిని విద్యార్థి నుండి కోరుతున్నది. ఊరు చూడని విద్యార్థి వీనిలో సగానికి పైగా కల్పించి వ్రాయవలసిందే.

అట్లాగని పుస్తకము అక్కరలేదని మా అభిప్రాయము కాదు. పుస్తకము చదవక ఊరు మాత్రమే తిరిగినవాడు కూడా తప్పుతాడు. ఒక ఉదాహరణ. ఆహారపు గొలుసులో బాణము గుర్తును చాలామంది పిల్లలు తినేదాని నుండి తినబడేదాని వైపు వేస్తారు. బాణము చూపేది శక్తి పోయే దిశను. కనుక కంది నుండి పురుగుకు, పురుగు నుండి పిట్టకు వేయాలి. ఇది చేనులో కనిపించదు, పుస్తకమే చెప్పాలి. సంఖ్యా పిరమిడ్ ఎల్లప్పుడు అడుగున వెడల్పుగా ఉంటుందనుకోవడము మరొక పొరపాటు. ఒక్క చింతచెట్టు మీద వేల పురుగులు బ్రతుకుతాయి, అక్కడ పిరమిడ్ తలక్రిందులవుతుంది. శక్తి పిరమిడ్ మాత్రము ఎన్నడూ తలక్రిందులు కాదు.

కావున విద్యార్థులకు మా సలహా ఇది. ప్రతి పాఠానికి నిర్వచనాన్ని పుస్తకము నుండి తప్పు లేకుండా నేర్చుకోండి. దాని క్రింద మీ ఊరి నుండి ఒక ఉదాహరణ వ్రాసుకోండి. కారణము ఒక వాక్యంలో, నివారణ ఒక వాక్యంలో వ్రాసుకోండి. బొమ్మను చూడకుండా గీసి, గుర్తులు పెట్టి, పుస్తకముతో సరిచూచుకోండి. జవాబును బిగ్గరగా మీ ఇంటిలో ఎవరికైనా వినిపించండి. వారికి అర్థమైతే పరీక్షకునికీ అర్థమవుతుంది. వినిపించడానికి సిగ్గనిపిస్తే ఆ జవాబులో ఎక్కడో అసత్యమున్నదని గ్రహించండి.

ఇక కమిటీ పెద్దలకు మా విన్నపము. ప్రకృతిని కాపాడడము పౌరుని విధి అని 1976 నాటి రాజ్యాంగ సవరణ చెప్పినది. పర్యావరణాన్ని పాఠశాలల్లో, కళాశాలల్లో తప్పనిసరి పాఠ్యాంశము చేయాలని సుప్రీంకోర్టు 1991లో ఆదేశించినది. ఈ పెద్దమాటలు మన ఊరిలో పనిగా మారడానికి మూడు చిన్న ఏర్పాట్లు చాలు. మొదటిది, ఏటా పరీక్షలకు ముందు రెండు ఆదివారాలు మన విద్యార్థులు, పరిసర గ్రామాల ఉన్నత పాఠశాల పిల్లలు కలిసి కాగ్నా ఒడ్డుకు, కందిచేలకు పోయి రావడానికి ఒక బస్సు, ఇద్దరు అధ్యాపకులు. రెండవది, పర్యావరణ పదాలు ఒక నూరింటిని ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మూడింటిలో ప్రక్కప్రక్కన చూపే చిన్న పుస్తకము. మన ఉర్దూ శాఖ, తెలుగు శాఖ కలిసి కూర్చుంటే ఇది ఒక నెల పని. మూడవది, గ్రంథాలయంలో ఒక పరిశీలన దస్తరము. తొలకరి ఏనాడు పడినది, బావినీరు ఎంత లోతున ఉన్నది, ఏ పక్షి ఎప్పుడు వచ్చినది అని విద్యార్థులు తేదీ వేసి వ్రాయాలి.

ఈ మూడవదానిని అల్పమని తలచవద్దు. పక్షిశాస్త్రవేత్త సలీం అలీ 1931-32లో హైదరాబాదు సంస్థానమంతటా తిరిగి పక్షుల సర్వే చేశారు. విశ్వవిద్యాలయ పట్టము లేదన్న కారణాన ఒకప్పుడు ఉద్యోగము దక్కనివారు ఆయన. తేదీ వేసి, చూచినది చూచినట్లు వ్రాసుకొన్న పుస్తకాలే ఆయన సంపద. లిండెమన్ తన మడుగును లెక్కించినదీ ఐదేండ్లే. మన విద్యార్థులు ఐదేండ్లు వ్రాస్తే కరణ్‌కోటను గురించి మరెక్కడా లేని ఒక గ్రంథము మన బీరువాలో ఉంటుంది. అప్పుడు "అది బుక్కుల లేదు సార్" అనే మాట ఈ ఊరి పిల్లవాని నోట రాదు.

ఈ సంవత్సరము కూడా పరీక్షల కాలము వస్తుంది. నాపరాతి అరుగుల మీద పుస్తకాలు తెరుచుకుంటాయి. విద్యార్థులారా, ఈ కళాశాల మెట్లు ఎక్కడానికి ముందు మీరూ ఆ అరుగుల మీద కూర్చున్నవారే. ఒక్క సాయంకాలము పోయి మీ తమ్ముని ప్రక్కన, మీ చెల్లెలి ప్రక్కన కూర్చోండి. కన్నులు తెరచి, తాము కూర్చున్న బండ మీద చేయి వేసి, అది ఎక్కడి నుండి వచ్చినదో, ఎవరు తీసినదో, దాని దుమ్ము ఎక్కడికి పోయినదో చెప్పమనండి. పర్యావరణ పరీక్షకు మొదటి ప్రశ్న అదే.